ఉప్పు తిన్న బండి

ఏప్రిల్ మూడోవారం.
గరాజు ముందు మంచుగుట్ట మోకాటి ఎత్తుకు కుంగింది.
దాని అంచున, వెనక చక్రాల మధ్య
చొక్కా గుండీ అంత నల్లటి మచ్చ,
రోజుకొకటి. పదకొండు దాకా లెక్కపెట్టాను.
పన్నెండో రోజు ఆర్విడ్‌కి ఫోన్ చేశాను.

విడిపోయి మూడేళ్లయింది.
ఇల్లు నాకు, పడవ అతనికి,
కుక్క ఎవరికీ కాకుండా తన దారిన తాను పోయింది.
ట్రక్కుని మాత్రం రెండు ముక్కలు చెయ్యలేకపోయాం.
వారమంతా నాది, ఆస్పత్రి లాండ్రీకి పోను రాను.
మంచు పడ్డ శని ఆదివారాలు అతనిది,
ముందు మంచునాగలి తగిలించుకుని
ఊళ్లో వాళ్ల వాకిళ్లు తోసేందుకు.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు.
ఈ బండి పందొమ్మిది చలికాలాలు
కీవినా రోడ్ల మీద చల్లిన ఉప్పు తిన్నది.
ద్రోహం చెయ్యలేదు పాపం,
ఉప్పే దాన్ని తిన్నది.

అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు.
డిఫరెన్షియల్ మూత ఒకప్పుడు నలుపు,
ఇప్పుడు మాడిన అప్పడం.
స్క్రూడ్రైవర్ మొనతో ఊరికే తట్టాడు,
లోపలికి దిగిపోయింది.
"ఇన్నాళ్లూ దీన్ని ఆపింది రంగూ మురికీనే."
నేనేమీ అనలేదు. టార్చి పట్టుకున్నాను.

"ముందు నూనె పోసే బిరడా విప్పాలి,
మూత బోల్టుల జోలికి ఆ తర్వాతే.
ఉన్నదంతా పారబోసుకున్నాక
పొయ్యడానికి దారి తెరుచుకోకపోతే
బండీ ఇక్కడే, మనమూ ఇక్కడే."
ఈ జాగ్రత్త అప్పుడెక్కడ దాచుకున్నాడో.

పది బోల్టులు. తొమ్మిది మూలుగుతూ వచ్చాయి.
పదోదాని తల అరిగి గుండ్రమైంది.
పానా జారి పిడికిలి ఇరుసుకి కొట్టుకుంది.
వాళ్లమ్మ భాషలో ఒక మాట అన్నాడు,
ఫిన్నిష్‌లో నాకొచ్చిన ఏడెనిమిది మాటల్లో అదొకటి.
గ్యాస్ మంట పెట్టాడు. సుత్తితో రెండు. మళ్లీ మంట.
పక్కనే బ్రేకు గొట్టం, అదీ తుప్పే.
దానికి తడిగుడ్డ చుట్టాడు,
నిద్రపోతున్న పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు.

మూత అడుగున ఉలి దూర్చి ఎత్తగానే
వాసన.
గంధకం, మురిగిన గుడ్డు, మూసేసిన రాగిగని.
నల్లతేనెలా నూనె పళ్లెంలోకి దిగింది,
దానికేం తొందర.

అప్పుడు చూశాను.
బయట అంత తుప్పు, లోపల పళ్లచక్రాలు
నిన్ననే చేసినట్టు, తడిగా, నిగనిగలాడుతూ.
ఒక్క పన్ను విరగలేదు.
అయస్కాంతం మీద మాత్రం బూడిదరంగు నూగు,
పందొమ్మిదేళ్ల అరుగుదల చిటికెడు.

"ఇది ఉండబట్టే బండి మలుపు తిరుగుతుంది"
వేలితో చూపించాడు.
"బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ.
రెండూ సమానంగా నడవాలని పట్టుబడితే
ఏదో ఒకటి ఈడ్చుకుపోతుంది..."
ఆగాడు.
"చెప్పకు" అన్నాను.
"నేనేం చెప్పబోలేదు."
"టార్చి నా చేతిలో ఉంది. నీ మొహం కనిపిస్తోంది."

పాత గాస్కెట్ నేను గీకాను, వంటింటి చాకుతో.
కొత్త మూత ముప్ఫై ఎనిమిది డాలర్లు.
రాత్రే మూడు పూతలు రంగు వేసి పెట్టాను.
అంచు చుట్టూ సీలెంట్, తెగని ముగ్గుగీతలా,
ప్రతి రంధ్రాన్నీ లోపలి నుంచి చుట్టేస్తూ.
బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెం.
ఒకటే బిగిస్తే ఒకవైపే మూతి ముడుచుకుంటుందట.

ఆరడానికి గంట.
ట్రక్కు వెనక తలుపు దించి కూర్చున్నాం,
ఇద్దరి మధ్య కాఫీ ఫ్లాస్కు.
దూరంగా సరస్సు మీద మంచుపలక
ఎవరో బీరువా జరుపుతున్నట్టు కదిలింది.
"ఈ ఏడు తొందరగానే" అన్నాడు.
"పోయినేడూ ఇదే అన్నావు."
పిడికిలి మీద రక్తం ఎండిపోయింది.

ఆ తర్వాత కొత్త నూనె.
ఎంత పొయ్యాలో కొలత అక్కర్లేదు,
నిండాక అదే అంచు దాటి
చాలని చెబుతుంది.

మూడు రోజులు చేతుల్ని వాసన వదల్లేదు.
నాలుగోనాడు పొద్దున లాండ్రీకి పోబోతూ
వంగి చూశాను. నేల పొడిగా ఉంది.
ఇంకోసారి చూశాను.

బ్రేకు గొట్టం దగ్గర ఏదో చెమర్చినట్టుంది.
చూరు నుంచి రాలిన నీళ్లే కావచ్చు.